సూదిపిట్ట కూసిన ప్రతిసారీ

"హుష్!" అన్నాడతను.

వచ్చీ రాగానే హుష్ అనిపించుకోవడం ఆమెకి కొత్త. ఇంతకీ తను అన్నదేంటి? "ఏమండీ, పిట్టల లెక్క ఇక్కడేనా?" అని. అంతేగా!

అప్పుడప్పుడే తెల్లవారుతోంది. చిత్తడి నేల మీద మంచు, పసిబిడ్డ మీద కప్పిన పల్చటి దుప్పటిలా, కాస్త లేస్తూ కాస్త అణుగుతూ ఉంది. అందులోంచి జమ్ముగడ్డి మొనలు మాత్రం పైకి కనిపిస్తున్నాయి. గట్టు మీద మడత స్టూలు. దాని మీద ఒక యువకుడు. మెడలో బైనాక్యులర్స్, ఒళ్ళో ప్యాడ్. కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"నిద్రపోతున్నారా?" ఈసారి గుసగుసగా అడిగింది.

"వింటున్నాను. మీ స్కూటర్ వచ్చేదాకా."

"స్కూటర్ ఆపేశాను కదండీ."

"మీరు ఆగలేదు."

ఆమెకి ఒళ్ళు మండింది. మూత బిగించని ఫ్లాస్కు సంచిలో టకటక కొట్టుకుంటోంది. దాన్ని అదిమి పట్టుకుని, రెండో స్టూలు విప్పి, కావాలనే కిర్రుమనిపించి కూర్చుంది.

అతన్ని ఆఫీసులో అందరూ పాముచెవులు అంటారు. కళ్ళకి గంతలు కట్టినా, పిట్ట నోరు తెరిస్తే చాలు పేరు చెప్పేస్తాడని ఆ బిరుదు. ఎక్కడ ఏ ప్రాణి ఎంత మిగిలిందో కొలిచే ఆఫీసు అది. ఇలాంటి చిత్తళ్ళు, అడవులు, ఒడ్లు లోకంలో ఎన్నో. ఒక్కోచోట ఎవరో ఒకరు ఇలాగే చలికి ముడుచుకుని కూర్చుని లెక్కపెడతారు. అవన్నీ ఒకచోట చేర్చి చూస్తేనే కదా, భూమ్మీద ఏది తగ్గుతోందో, ఎంత తొందరగా తగ్గుతోందో తెలిసేది.

ఆమె ఆ ఆఫీసు మనిషి కాదు. చెవుల ఆసుపత్రిలో పిల్లలకి వినికిడి పరీక్ష చేస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టి, బీప్ వినిపించి, వినపడితే బటన్ నొక్కమంటుంది. అందుకే పిల్లలందరికీ ఆమె బీప్ అక్క. లెక్కకి సాయం చేసేవాళ్ళు కావాలని ఆ ఆఫీసు పెద్దమేడం అడిగితే, చెవులతో పనే కదా అని ఒప్పుకుంది.

పెద్దమేడం రూలు గట్టిది. ఇద్దరూ ఒకే చోట కూర్చోవాలి, ఎవరి లెక్క వాళ్ళదే. మాట్లాడకూడదు. సైగ చెయ్యకూడదు. ఒకరి ప్యాడ్ ఒకరు చూడకూడదు.

ఆ పొద్దున వీపూ వీపూ పెట్టి కూర్చున్నారు. టైమర్ మోగాక ప్యాడ్‌లు మార్చుకున్నారు. అతను చూసి నవ్వాడు. నవ్వకుండా ఉంటే బాగుండేది.

"సూదిపిట్టకి ఇన్ని టిక్కులా?"

"విన్నాను కాబట్టి పెట్టాను."

"అది ఇక్కడ వినపడి చాలా కాలమైందండీ. ఏడాదికేడాదీ తగ్గుతూ వచ్చింది, ఆ తర్వాత అసలే లేదు. ఆ లెక్కలన్నీ నావే. మీరు ఏ కీచురాయినో విని పిట్ట అనుకున్నారు."

"నేను వినే పనికి జీతం తీసుకుంటానండీ."

"నేనూ అంతే."

"అయితే మనిద్దరిలో ఒకరు ఊరికే తింటున్నారన్నమాట!"

ఆమె స్కూటర్ బుర్రుమంటూ వెళ్ళిపోయింది. గట్టు మీద ఆమె మర్చిపోయిన ఫ్లాస్కు ఒంటరిగా పొగలు కక్కుతోంది. అతను మూత తీసి వాసన చూశాడు. కాఫీ. కోపంతో ఉన్నవాళ్ళ కాఫీ తాగడం న్యాయమా అని కాసేపు ఆలోచించి, తాగాడు.

*

"ఆ చిత్తడిలో నీతో ఎవరుంటారే?" ఇంట్లో అమ్మ.

"పిట్టలు."

"పిట్టలు కాకుండా?"

"ఒక పాము."

"పామా!" అమ్మ చేతిలో గరిటె జారిపోయింది.

"పాము కాదమ్మా, పాముచెవులు. మనిషే. కాకపోతే బుసకొడతాడు."

అమ్మ గరిటె ఏరుకుంది. కూతురి ముఖంలోకి ఒక క్షణం ఎక్కువే చూసింది. "చెవులకి మఫ్లర్ కట్టుకుని వెళ్ళు. మంచు మంచిది కాదు."

"కట్టుకుంటే ఏం వినపడుతుందమ్మా?"

"బుసలు వినపడవు. అదే మేలు."

*

మర్నాడు అతను ఆమె ముఖం కనపడేలా స్టూలు పక్కకి జరుపుకున్నాడు. సూర్యుడు కళ్ళలో పడుతున్నాడన్నాడు. సూర్యుడింకా లేవనే లేదు.

నిజానికి అతనికి ఆ టిక్కులు రాత్రంతా గుచ్చుకున్నాయి. ఎందుకంటే ఈ ఏడాది లెక్క ఊరికే లెక్క కాదు. చిత్తడిని పూడ్చి గోడౌన్లు కట్టుకుంటామని పెద్ద పెద్దవాళ్ళు అడుగుతున్నారు. సూదిపిట్ట బతికే చోటైతే ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు. లేదని తేలితే లారీల్తో మట్టి దిగుతుంది. అతని లెక్క 'లేదు' అంటోంది. ఎందుకైనా మంచిదని పెద్దమేడం రెండో మనిషిని పెట్టింది.

అతను అనుమానంగా ఆమె వైపు చూశాడు. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. ఉన్నట్టుండి పెదవి చివర చిన్న నవ్వు వచ్చింది, ఉయ్యాల్లో బిడ్డ నిద్రలో నవ్వినట్టు. చేతిలో పెన్ను టిక్కు పెట్టింది.

ఏం విన్నది?

బైనాక్యులర్స్ ఎత్తి జమ్ములోకి చూశాడు. బొటనవేలంత పిట్ట. గడ్డి మొన మీద కూర్చుని, ముక్కు బార్లా తెరిచి, గొంతు వణికిపోయేలా పాడుతోంది. ఒళ్ళంతా పాటే అయిపోయింది దానికి.

అతనికి ఏమీ వినపడలేదు.

కప్ప వినపడింది. దూరంగా రైలు వినపడింది. తన గుండె వినపడింది. కళ్ళెదుట ప్రాణం పెట్టి పాడుతున్న సూదిపిట్ట సన్నటి గొంతు మాత్రం వినపడలేదు.

పిట్ట ఎక్కడికీ పోలేదు. పోయింది తన చెవుల్లోంచి.

ఎవరితో చెప్పుకుంటాడు? పాముచెవులని పిలిపించుకున్నవాడు, చెవులు తప్ప ఇంకో ఆస్తి లేనివాడు. చెబితే ఆ స్టూలు మీద ఇంకొకరు కూర్చుంటారు. చెప్పకపోతే పిట్ట లేనట్టే, చిత్తడి పోయినట్టే.

మూడో దారి ఒకటి తోచింది. ఆమె ముఖం చూశాడు. ఆమె పెదవి మీదికి మళ్ళీ నవ్వొచ్చింది. టిక్కు పెట్టాడు.

*

ఆ తర్వాత పొద్దులన్నీ ఒక కలలా గడిచాయి.

మంచు పైకి లేస్తుంది, ఆమె వస్తుంది. ఇప్పుడు స్కూటర్‌ని మలుపు దగ్గరే ఆపి నడిపించుకుంటూ తెస్తోంది. ఫ్లాస్కు మూత గట్టిగా బిగిస్తోంది. కప్పులు కూడా రెండు తెస్తోంది, ఒకటి పొరపాటున వచ్చినట్టు.

"పిట్టల్ని లెక్కపెట్టమంటే నన్ను చూస్తారేంటి?" ఒకరోజు టైమర్ మోగాక అడిగేసింది.

అతనికి పొలమారింది. "మీ వెనక... జమ్ము ఉంది."

"అన్ని వైపులా ఉంది జమ్ము."

"మీ వెనకది పచ్చగా ఉంది."

ఆమె తల తిప్పుకుని నవ్వుకుంది. అమ్మాయిలకి ఆ మాత్రం అర్థం కాదా! అర్థమైందనే అనుకుంది పాపం.

ఇంకో రోజు అడిగింది, "ఒక్క పిట్ట పోతే ఏమైపోతుందండీ? నిజంగా అడుగుతున్నా."

"మీ స్వెట్టర్‌లో ఒక పోగు లాగండి."

"లాగితే?"

"ఏమీ కాదు. ఇంకోటి లాగండి. అదీ పర్లేదు. అలా లాగుతూ ఉండండి. ఈ పిట్ట తినే పురుగు పెరుగుతుంది, పురుగు జమ్ముని కొరికేస్తుంది, జమ్ము పోతే నీళ్ళు మురుగుతాయి, చేపలు పోతాయి. ఏ పోగుతో స్వెట్టర్ మొత్తం ఊడొస్తుందో ముందుగా ఎవరికీ తెలీదు. ఊడాకే తెలుస్తుంది."

ఆమె రెండు చేతులతో స్వెట్టర్ గట్టిగా పట్టుకుంది. "ఇది మా అమ్మ అల్లింది. దీని జోలికి రాకండి."

"రానండీ," అన్నాడు మర్యాదగా. ఇద్దరూ పకపకా నవ్వారు. జమ్ములోంచి బాతులు లేచిపోయాయి, తిట్టుకుంటూ.

"అందరూ నన్ను బీప్ అక్క అంటారు. మీరూ అనొచ్చు."

"అంటాను. అక్క తీసేసి."

ఆ మాటకి ఆమె చెవుల చివర్లు ఎర్రబడ్డాయి. చలికి కాదు.

ఒకరోజు వాన పట్టుకుంది. జల్లు కూడా కాదు, ఎవరో పైనుంచి మంచి మాట చెబుతున్నట్టు సన్నగా, ఆగకుండా. ఒక్క గొడుగు. గొడుగు అతని చేతిలో, అతను సగం వానలో. చిత్తడి అంతా బూడిదరంగు పట్టుచీరలా మెరుస్తోంది. ఆమె నీళ్ళ వైపు చూస్తూ చాలా మెల్లగా అంది:

"ఈ లెక్క ఎప్పటికీ తేలకపోతే బాగుండు."

అతను పలకలేదు. అటు జమ్ము వైపే చూస్తున్నాడు.

ఆమె కాసేపు ఎదురుచూసింది. గొడుగు అంచు నుంచి ఒక్కో చుక్కా రాలుతోంది. ఓహో, ఇదా జవాబు అనుకుంది. కొన్ని మాటలకి పలక్కపోవడమే మర్యాదైన జవాబు మరి. మిగతా వానంతా ఆమె ఒక్కతే తడిసినట్టు కూర్చుంది.

*

పెద్దమేడం గదిలో గోడ నిండా గ్రాఫులు. కిందికి జారే గీతలే అన్నీ. ఆవిడ కళ్ళజోడు ముక్కు మీదికి దించి ఇద్దర్నీ చూసింది.

"మీ లెక్కలు కవలపిల్లల్లా ఉన్నాయి. మొగుడూ పెళ్ళాలకే ఇంతగా మాట కలవదు! ఇద్దర్ని ఎందుకు పెట్టాననుకున్నారు? ఒకరు విని ఇంకొకరు వినని పిట్టలుంటాయి. ఆ తేడా చూసే, ఇద్దరూ వినకుండా పోయినవి ఎన్నుంటాయో అంచనా కడతాం. మొదటి రోజు తప్ప, ఈ అమ్మాయి విన్న ఒక్కటి కూడా నువ్వు వదల్లేదంటే ఏంటర్థం? కూడబలుక్కున్నారు."

"లేదు మేడం! ఒట్టు!" అంది ఆమె. అతని వైపు తిరిగింది. చెప్పండి అన్నట్టు.

అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఈ ఏడాది లెక్క చెల్లదు," అంది పెద్దమేడం. "ఎల్లుండికల్లా పైకి పంపాలి. పాత లెక్కే పంపుతాను. సూదిపిట్ట లేదని."

మెట్ల మీద ఆమె అతన్ని ఆపేసింది.

"నా ప్యాడ్ చూసి రాశారా?"

"ప్యాడ్ చూడలేదు."

"మరి?"

"ముఖం చూశాను."

ఆమెకి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. రోజూ అదే పని చేసే మనిషి. వినపడని పిల్లలు బీప్ కోసం కాదు, ఆమె కనుబొమల కోసం చూస్తారు. బొమ లేస్తే బటన్ నొక్కేస్తారు, అమ్మ సంతోషిస్తుందని. ఎంతమందిని చూడలేదు! అయినా ఈ ఒక్కణ్ణి చూడలేకపోయింది. ఎందుకంటే ఇతను చూస్తుంటే ఆమెకి ఇంకేదో అనిపించింది.

"సూదిపిట్ట మీకు వినపడదు."

అతను తల ఊపాడు.

"హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రికార్డింగులు వింటారా?"

"పొద్దస్తమానం. ఏళ్ళ తరబడి. సన్నగా వినపడేకొద్దీ సౌండ్ పెంచుకుంటూ పోయాను."

ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. "అంటే ఇన్ని పొద్దులూ నన్ను చూసింది..."

"పిట్ట కోసం," అన్నాడు.

ఆ మాటకి ఇంకో సగం ఉంది. అది అతను బయటపెట్టలేదు. అబద్ధం పట్టుబడినవాడు ఆ నోటితోనే ప్రేమ చెబితే ఎవరు నమ్ముతారు?

ఆమె లేచి, చున్నీతో ముక్కు తుడుచుకుని వెళ్ళిపోయింది. అతను కిందికి దిగబోయి, ఆగి, మళ్ళీ మెట్లెక్కాడు. ఆ మెట్లు కొండలా అనిపించాయి.

"మేడం, పిట్ట ఉంది. నా చెవులే లేవు."

అంతా చెప్పాడు. పెద్దమేడం ముందు అరిచింది. తర్వాత నీళ్ళు తాగింది. తర్వాత రెండు ప్యాడ్‌లూ పక్కపక్కన పెట్టుకుని చూసింది.

"మరి కొన్నిచోట్ల నీకే ఎక్కువున్నాయేంటి? ఆ అమ్మాయి వినని పిట్టలు నువ్వెలా విన్నావు?"

అతను నేల వైపు చూశాడు. "అప్పుడు పిట్ట కూయలేదు మేడం. ఆవిడ ఊరికే నవ్వింది. నేను... టిక్కు పెట్టేశాను."

"ఎన్ని?"

"చాలానే. చివర్లో అయితే పిట్ట సంగతే మర్చిపోయాను."

పెద్దమేడం కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచింది. మూతి మీద నవ్వు దాచుకోవడానికి అంతకంటే మంచి ఉపాయం లేదు.

"చూడు బాబూ. నీకు ఏ శబ్దం ఎంత వినపడుతుందో పరీక్ష చేయించుకుని రా. దాన్ని బట్టి నీ పాత లెక్కలు సరిచేస్తా. ఈ ఏడాదికి ఆ అమ్మాయి లెక్క నిలబడుతుంది. ఇక స్టూలు మీద నువ్వు కూర్చోవు. బాధపడకు. రికార్డైన కూతలు తెర మీద గీతల్లా పడతాయి, వాటిని కళ్ళతో చూసి లెక్కపెట్టే పని ఉంది. కళ్ళు బాగానే పనిచేస్తున్నాయిగా, అక్కర్లేని చోట కూడా!"

అతను సిగ్గుతో లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "అయితే మేడం, తగ్గినవన్నీ నా చెవుల తప్పేనా? నిజంగా ఏదీ పోలేదా?"

ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. "కుండకొంగ?"

ఖాళీ కుండలోకి ఊదినట్టు, లోతుగా, దిమ్ముమనే గొంతు దానిది. అలాంటి లోతు శబ్దం అతనికి ఇప్పటికీ బాగా వినపడుతుంది. ఆమెకీ వినపడుతుంది. ఇద్దరిలో ఎవరూ ఒక్క టిక్కూ పెట్టలేదు.

"అది నిజంగానే పోయింది," అంది పెద్దమేడం. "ఆ పోగు ఊడిపోయింది. అందుకే, మిగిలినవి సరిగ్గా లెక్కపెట్టాలి."

*

చెవుల ఆసుపత్రిలో చిన్న గది, గదిలో ఇంకో గది. లోపలి గోడలన్నీ మెత్తగా స్పాంజితో. తలుపేస్తే లోకం దూరంగా జరిగిపోతుంది. మధ్యలో అద్దం. అద్దానికి ఇవతల ఆమె, మెషిన్, మైకు. లోపల బటన్ నొక్కితే ఆమె ముందున్న మెషిన్ మీద ఎర్ర లైటు వెలుగుతుంది.

అతను వచ్చి కూర్చున్నాడు. ఆమె ఏమీ మాట్లాడకుండా హెడ్‌ఫోన్స్ పెట్టింది. పిల్లలకి పెట్టేటప్పుడు చెవి మీది జుట్టు సర్దడం అలవాటు. అలవాటుగా సర్దేసింది. తర్వాత గభాలున చెయ్యి వెనక్కి తీసుకుంది.

బయటికొచ్చి మెషిన్‌నీ తన కుర్చీనీ గోడ వైపు తిప్పుకుంది.

"అటు తిరిగారేంటి?" లోపల్నుంచి అతని గొంతు.

"ఇక్కడ ముఖం చూసి నొక్కడం కుదరదు," అంది మైకులో. "వినపడితేనే బటన్ నొక్కండి."

లోతు శబ్దాలు. లైటు వెలిగింది. ఇంకాస్త పైవి. వెలిగింది. ఇంకా సన్నవి. లైటు తటపటాయిస్తూ వెలిగింది. ఇంకా సన్నవి, సూదిపిట్ట గొంతంత సన్నవి.

లైటు వెలగలేదు.

సౌండ్ పెంచింది. వెలగలేదు. మెషిన్ కాగితం మీద గీత గట్టు దిగినట్టు జారిపోయింది. ఆ గీతకి ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ వాన పొద్దున, ఆ సన్నటి చినుకుల చప్పుడులో, ఇతనికి తన మాట ఎక్కడ వినపడి ఉంటుంది! తను జవాబనుకున్నది జవాబే కాదు.

ఆ గీత చూసే పెద్దమేడం పాత లెక్కలన్నీ సరిచేసింది. చిత్తడిలోకి లారీలు రాలేదు. అదంతా తర్వాతి మాట.

ఇప్పుడు మాత్రం ఆమె బీప్‌లు ఆపేసింది. మైకు దగ్గరికి లాక్కుంది. గోడ వైపే చూస్తూ, సన్నగా కాదు, ఛాతీలోంచి, నిదానంగా మాట్లాడింది.

"మేడం ఫోన్ చేశారు. పిట్ట కూయనప్పుడు ఎందుకు నవ్వావమ్మా అని అడిగారు. ఆవిడకేం చెప్పమంటారు?"

లోపల కుర్చీ కిర్రుమంది.

"నిజం చెప్పనా? మీరు చూస్తున్నారని నవ్వాను. మీరేమో నవ్వానని టిక్కు పెట్టారు. ఇద్దరం కలిసి లేని పిట్టల్ని పుట్టించేశాం."

మైకు వైరుని వేలికి చుట్టుకుంది.

"వానలో ఒక మాట అన్నాను. మీకు వినపడలేదు. మళ్ళీ అంటాను, ఒక్కసారే. ఈ లెక్క ఎప్పటికీ తేలకపోతే బాగుండు. నీ పక్కనే అలా కూర్చుని ఉండిపోతే బాగుండు." ఊపిరి పీల్చుకుంది. "వినపడితే... బటన్ నొక్కు."

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఆమెకీ తెలీదు.

ఎర్ర లైటు వెలిగింది.

ఆమె మెల్లగా కుర్చీ తిప్పింది. అద్దం అవతల అతను కళ్ళు మూసుకుని ఉన్నాడు. మొదటి పొద్దున గట్టు మీద ఉన్నట్టే. ముఖం చూసి కాదు, ఈసారి విన్నాడు.

అప్పుడే తలుపు తోసుకుని అమ్మ వచ్చింది, మఫ్లర్ చేత్తో పట్టుకుని. "మళ్ళీ మర్చిపోయావు. ఎన్నిసార్లు చెప్పాలే నీకు..." అని, అద్దంలోంచి అతన్ని చూసి, కూతుర్ని చూసి, మాట మధ్యలో ఆపేసింది.

"ఈయనేనా నీ పాము?"

"ఊ."

"బుసకొట్టేలా లేడే. పాపం, బక్కగా ఉన్నాడు. తింటాడో లేదో." అమ్మ మఫ్లర్ మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. "ఇది అతనికి ఇవ్వు. ఆ చెవులు ఇకనైనా జాగ్రత్తగా చూసుకోమను." తర్వాత మెషిన్ వైపు చూసి కంగారుపడింది. "అదేంటే, ఆ లైటు ఆరట్లేదు? పాడైందా?"

"పాడవలేదమ్మా," అంది ఆమె, సూదిపిట్ట కూసినప్పుడల్లా నవ్వే నవ్వుతో. "అతనింకా నొక్కుతూనే ఉన్నాడు."